తొలకరికి పది మార్కులు

పగలు 304

నా పేరు గేదెల తవిటమ్మ. వయసు భూమి లెక్కన డెబ్బై తొమ్మిది, ఇక్కడి ఏళ్ళలో నలభై రెండు. నన్ను ముసలిదానా అని పిలిచేవాళ్ళు ముందు ఏ లెక్కన పిలుస్తున్నారో చెప్పాలి. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే పంచాయతీ గుమాస్తా సింహాచలం రాస్తున్నాడు. నా మాటల్ని కాగితం భాషలోకి మార్చి రాయాలట, అది రూలట. మార్చుకోనీ. ఎవరెవరు ఏమన్నారో అవి మాత్రం అన్నవి అన్నట్టే దించమన్నాను. వాళ్ళ తెలివి వాళ్ళ నోటితోనే బయటపడాలి.

నా మీద నేరం ఇది: ఏడో బిలం నల్లబీరు పోటీలో మొదటి బహుమతి వచ్చిన డ్రమ్ము కుళాయి విప్పి, రెండొందల లీటర్లు నేలపాలు చేశానట. చేశాను. చెయ్యి జారలేదు, కళ్ళు తిరగలేదు. చూసి, వాసన పట్టి, విప్పాను. విచారణ పగలు 312న. అప్పటిదాకా రోజూ వచ్చి నా వాదన చెప్పుకోవచ్చన్నారు.

ఈ ఎర్రనేల కింద సొరంగాలు తవ్వడానికి భూమ్మీది శ్రీకాకుళం వైపు నుంచి మూడొందల మంది కూలీలం వచ్చాం. అప్పుడు నాకు ఇరవై రెండు. తవ్విన సొరంగాల్లోనే కాపురం పెట్టాం, వాటినే బిలాలన్నారు. ఇప్పుడు ఈ బిలంలో పద్నాలుగొందల మంది. ఆ మూడొందల మందిలో మిగిలింది నేనొక్కదాన్నే. మిగతా అందరూ ఇక్కడే పుట్టారు. దీపాల మడుల్లో, పీచు మీద, నీళ్ళల్లో పండిన చోళ్ళు, అదే రాగులు, తిని పెరిగారు. మట్టిని తొక్కినవాడు ఒక్కడూ లేడు. పుట్టిన దగ్గర్నుంచి జల్లెడ పట్టిన గాలి పీల్చి వాళ్ళ ముక్కులు ముఖానికి అలంకారంగా మిగిలాయి.

ఆ ముక్కులేసుకుని బీరుకి మార్కులేస్తారు. అది చూడాలి.

రుచి కమిటీలో ఐదుగురం. నాకు ఓటు ఉంది, ఫారం లేదు, ఎందుకంటే చదవలేను. మిగతా నలుగురికీ ఫారం ఉంది. మొదటి ఈస్టుతో పాటు భూమి నుంచి వచ్చిన కాగితం అది. నల్లబీరులో ఏమేం వాసనలుండాలో గళ్ళు గీసి రాశారట. పోటీ నాడు హేమసుందరి అనే పిల్ల గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని, కళ్ళు అరమూసి చదవడం మొదలెట్టింది.

"కాఫీ ఉంది. సాక్లెట్టు కొంచెం. ఎండు ద్రాచ్చ. ఎనకాల పాత తోలు."

"అమ్మీ, కాఫీ ఎప్పుడు తాగినావు?" అన్నాను.

"తాగలేదు మామ్మా. ఫారంలో ఉంది కదా."

"మరి తోలు? తోలు వాసన ఎలగుంటాది?"

"గంభీరంగా ఉంటాదని రాసుంది."

గంభీరంగా ఉంటుందట. పోర్టులో కూలికి పోయినప్పుడు వానలో తడిసిన నా బూట్లు ఒక్కసారి ఆ పిల్ల ముక్కు కింద పెడితే గంభీరం దిగిపోయేది. మనం వేపిన చోళ్ళు మనకి వేపిన చోళ్ళలాగే వాసనొస్తాయి. ఆ మాట అనడానికి వీళ్ళకి సిగ్గు. ఎప్పుడూ చూడని సరుకు పేర్లు పెడితే గొప్ప.

ఆ ఫారంలో చివరి గడి ఒకటి ఉంది. పేరు తొలకరి. మొదటి వాన పడ్డప్పుడు నేలలోంచి లేచే వాసన. పది మార్కులు. భూమ్మీద ఎవరో కూర్చుని ముచ్చటపడి రాసుకున్న గడి. ఇన్నేళ్ళలో దానికి ఎవరూ ఒక్క మార్కు కూడా వెయ్యలేదు.

పగలు 305

ఇవాళ పోటీ సంగతి పూర్తిగా చెప్తాను. సింహాచలం ముక్కు చీదుకుని కూర్చున్నాడు. ఆ ముక్కు దానికే పనికొస్తుంది.

ఏడు డ్రమ్ములొచ్చాయి. మొదటిది ఉడకబెట్టిన తువ్వాలు నీళ్ళు. రెండోది దగ్గుమందు, దానికి పొడవాటి పేరు కూడా పెట్టారు. మూడోదానికి బలం ఎక్కువని చప్పట్లు కొట్టారు. గొంతు కాలితే బలం అనుకునే జాతి ఇది. నాలుగు, ఐదు, ఆరు గురించి చెప్పి నా నోరు పాడుచేసుకోను.

ఏడోది పార్వతీశం డ్రమ్ము. మొలకకట్టే పని వాళ్ళ నాన్న నుంచి అతని చేతికొచ్చింది. వేపడం నేను నేర్పాను. అందుకని గ్లాసు బుద్ధిగా పట్టుకున్నాను.

ముందు నురగ. ఇక్కడ బరువు మూడోవంతే కాబట్టి నురగ జానెడు లేచి అలాగే నిలబడుతుంది. కమిటీవాళ్ళు స్కేలు పెట్టి కొలిచి మార్కులేస్తారు. నేను ఊదేశాను. నురగ కింద ఏముందో చూడాలి గాని నురగని కొలుస్తారా ఎవరైనా? గ్లాసుని దీపానికి అడ్డం పెట్టాను. నలుపు. అంచు దగ్గర కూడా ఎరుపు తిరగలేదు. మంచి నల్లబీరుకి అంచులో ముదురు పాకం రంగు రావాలి. ఇది బొగ్గులా ఉంది. వీడు రెండు వాయిలు ఎక్కువ వేపాడు, ఎందుకు వేపాడో అనుకున్నాను.

తర్వాత గుక్క. ముందు బెల్లం వేసిన చోడంబలి తీపి. చిక్కగా ఉంది, నాలుక మీద నుంచి దిగనని కూర్చుంటుంది. దాని వెనక నేలవేము చేదు, హద్దులోనే ఉంది. తర్వాత గొంతులో దిగే వేడి. నెమ్మదైన వేడి, కాల్చదు. చివర కొంచెం వగరు. ఇంతవరకు నా చేతి పని కనిపించింది, కాదనను.

ఆ తర్వాత ముక్కు వెనక నుంచి ఇంకొకటి లేచింది.

అప్పటికే నా పక్కన పోలినాయుడు గ్లాసు దించేశాడు. పోలినాయుడంటే పంచాయతీ పెద్ద, రుచి కమిటీకీ అతనే పెద్ద. రెండు కుర్చీలకీ ఒకే మనిషి, ఒకే ఎండిన ముక్కు. ఆ ఎండిన ముక్కుకి కూడా అందింది ఆ వాసన, అంత దట్టంగా ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

"తొలకరి," అన్నాడు.

చివరి గడిలో పది వేశాడు. హేమసుందరి ఏడుస్తూ పది వేసింది. మిగతా ఇద్దరూ వాళ్ళని చూసి వేశారు. మాట బయటికి పొక్కింది. జనం గ్లాసులు పట్టుకుని వరసకట్టారు. నడివయసు మగాళ్ళు గ్లాసులో ముక్కు ముంచి వెక్కుతున్నారు. వాన, వాన అంటున్నారు. వానంటే ఏంటో తెలియని జనం.

నేను డ్రమ్ముకి వీపు ఆనించి నిలబడి కుళాయి విప్పాను. ఇక్కడ ఏది కారినా తీరిగ్గా కారుతుంది. మొత్తం ఖాళీ కావడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా చేతిలో వేపుడు తెడ్డు పట్టుకుని కుళాయి ముందు కూర్చున్నాను. దగ్గరికొచ్చిన ఇద్దరి మోకాళ్ళు వాచాయి. ఆ నేరం కూడా రాసుకోండి.

అది బూజు వాసన. గింజ లోపల కుళ్ళిన వాసన. మా ఊళ్ళో వరదకి తడిసిన ధాన్యం పశువులకి పెడితే అవి కాళ్ళు చాపేశాయి. ఉడికించి తిన్న మనుషులూ మంచం పట్టారు. ఉడికితే చచ్చే విషం కాదది.

పగలు 306

నీళ్ళ దగ్గర వరసలో నిలబడితే నా ముందూ వెనకా ఖాళీ. అంటుకుంటానని కాబోలు. ఎవతో దూరం నుంచి అంది, "దానికి తెల్సిన వాన మనకి తెలీకూడదని ఓర్వలేకపోయింది." తిరిగి చూస్తే అందరూ బిందెల్లోకి చూస్తున్నారు. అనేదాన్ని ముఖం ఎత్తి అనలేరు.

ఇంటికొచ్చేసరికి పార్వతీశం గుమ్మంలో ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మామ్మా, నీకు నానేటి అపకారం సేసినాను?"

"నువ్వు సెయ్యలేదురా. నీ గింజలు సేసినాయి. ఏ గాదెలోవి?"

"నాలుగో గాదె. అడుగు గొట్టంలోంచి తీసినవి. శుబ్బరంగా ఉన్నాయి, నల్లమచ్చ లేదు, పచ్చమచ్చ లేదు. బూజైతే కనబడదేటి?"

"అడుక్కి జారినవి ఎండుగుంటాయి. కుళ్ళింది పైనుంటాది. వాసన దిగుతాది, మచ్చ దిగదు."

"వాసన లెక్కగట్టే ముక్కుపెట్టె కూడా తొలకరనే సెప్పింది. పెట్టెకి నీ మీద పగేటి?"

"దానికి పగ లేదు, బుర్రా లేదు. నీకు బుర్రుందనుకున్నాను."

వాడు వెళ్ళిపోయాడు. మోటుగా అన్నానని సింహాచలం తల ఊపుతున్నాడు. రాయి.

గాదెల సంగతి చెప్పాలి, ఎందుకంటే నా కేసంతా అక్కడే ఉంది. బిలం మొత్తానికి నాలుగు ఉక్కు గాదెలు. ఒక్కోటి మూడు నిలువుల ఎత్తు. కోత కాగానే నింపి, పురుగు పట్టకుండా గ్యాసు పెట్టి, పై నోరు సీలు చేస్తారు. మళ్ళీ కోత దాకా ఆ నోరు తెరవకూడదు. గింజలు అడుగు గొట్టంలోంచే తియ్యాలి. వచ్చే కోతకి ఇంకా రెండొందల పగళ్ళు. అందరి తిండీ, అందరి తాగుడూ ఆ నాలుగింటి కడుపులోనే.

నాలుగో గాదె కడుపులో ఏదో కుళ్ళుతోంది. దాని నోరు తెరిచి చూడమంటున్నాను. నా వాదన ఇంతే. మిగతాదంతా వీళ్ళ ఏడుపు.

పగలు 308

నిన్న ఏం చెప్పలేదు. చోళ్ళు వేపుకుంటూ కూర్చున్నాను. రెండు గ్లాసుల బీరు ఆ రోజే దాచాను, అది కూడా నేరమైతే రాసుకోండి. ఒకదానికి మూత బిగించి పెట్టాను, ఒకదాన్ని తెరిచి పెట్టాను. తొలకరి వాసన గాలి తగిలితే కాసేపట్లో పోతుంది. ఇది ఇన్ని రోజులైనా రెండు గ్లాసుల్లోనూ అలాగే ఉంది. పైగా ముదిరింది.

ఇవాళ పోలినాయుడు నా ఇంటికొచ్చాడు. వాళ్ళమ్మా నేనూ ఒకే పారతో మట్టి ఎత్తినవాళ్ళం, అందుకని పిన్నీ అంటాడు.

"పిన్నీ, సెయ్యి జారిందని సెప్పీ. వయసైంది, కళ్ళు తిరిగినాయని సెప్పీ. నాను కేసు కొట్టీస్తాను."

"కళ్ళు తిరిగింది నీకు, నాయుడూ. నీ గ్లాసులో గుక్కెడు బీరుకే."

"పెట్టె ఏటందో ఇను. వాన పడితే మట్టిలోంచి లేచే వాసనకి ఓ పదార్థముందట. మన బీరులో సరిగ్గా అదే ఉంది. వేరేది కాదు, అదే."

"అదే ఉంటాది."

"మరింకేటి గొడవ? తొలకరే గదా!"

"మట్టిలో ఉండాల్సింది గింజలోకొస్తే దాన్ని కుళ్ళంటారు. నువ్వెప్పుడూ మట్టి సూడలేదు, కుళ్ళూ సూడలేదు. రెంటికీ కలిపి మార్కులేసీసినావు."

అతను నవ్వలేదు. "నాను నీ మాట ఇని నోరు తెరిపిస్తాననుకో. గ్యాసు పోతాది, చెమ్మ దూరతాది. లోపల గింజ బాగున్నాదనుకో, మనమే పాడుసేసినోళ్ళమవుతాం. రెండొందల పగళ్ళు పద్నాలుగొందల మంది ఏటి తింటారు? నీ ముక్కు తింటారా?"

ఈ వారంలో ఇతను అన్న బుద్ధున్న మాట ఇదొక్కటే. ఒప్పుకున్నాను. నా ముక్కు తప్పయితే అంత నష్టమూ నాదే అన్నాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మాయమ్మ పోయేముందు మూడు రోజులు వాన వాసనొస్తోందని కలవరించింది. నాకు యాబయ్యైదు. మాయమ్మ ఏటి వాసన సూసిందో నాకు ఇన్నాళ్ళకి తెల్సింది పిన్నీ," అన్నాడు.

తర్వాత అసలు మాట చెప్పాడు. పంచాయతీ తీర్మానం చేసిందట. తొలకరి ఒక్క గాదెకే ఎందుకుండాలి, అందరి రొట్టెలోనూ అందరి గ్లాసులోనూ ఉండాలని, నాలుగో గాదె గింజల్ని అడుగు గొట్టాల్లోంచి మిగతా మూడు గాదెల్లోకి కలుపుతారట. పగలు 313న, పొద్దున్నే.

నాకు కోపం కూడా రాలేదు. కుళ్ళుని సమానంగా పంచుకోవడానికి తీర్మానం చేసి, చేతులెత్తి, చప్పట్లు కొట్టుకున్న జనం మీద కోపం తెచ్చుకోవాలంటే ముందు వాళ్ళని మనుషుల కింద లెక్కేసుకోవాలి.

పగలు 310

కలిపేస్తే ఇంక తియ్యలేరు. ఒక గాదె పోతే మూడు మిగులుతాయి. కలిపితే నాలుగూ పోతాయి. ఇంత చిన్న లెక్క చదువుకున్నవాళ్ళకి అందలేదు.

పొద్దున్నే కోళ్ళ దగ్గరికి వెళ్ళాను. పార్వతీశం బీరు కాచాక మిగిలిన పిప్పి కోళ్ళకి వేస్తారు. మూడు చచ్చాయి. పదో పన్నెండో మెడలు వేలాడేసుకుని కూర్చున్నాయి. అక్కడ పనిచేసే మనిషిని అడిగితే, "దీపం మార్చినాం కదా, అలవాటు పడలేదు," అంది. దీపం మార్చారట.

అక్కణ్ణుంచి మొలకగదికి వెళ్ళాను. ఊరందరికీ కాచే పెద్ద తొట్టి కోసం నలభై బస్తాలు తడిపి తడిగుడ్డల మీద పరిచి ఉన్నాయి. చల్లటి గది. మంచి చోళ్ళు తడిపితే మూడో రోజుకి తెల్లటి ముక్కు బయటపెడతాయి. ఆ ముక్కు వస్తేనే గింజలో తీపి పుడుతుంది, తీపి పుడితేనే బీరు. నేను కింద కూర్చుని వంద గింజలు ఏరాను. చదువు రాకపోయినా పదేసి కుప్పలు పెట్టడం వచ్చు. మొలిచినవి ఒక వైపు, మొలవనివి ఒక వైపు. మొలిచినవి ముప్పై ఎనిమిది.

పార్వతీశం తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఎప్పట్నుంచిరా?"

"మూడు తడుపుల నుంచి." నా కుప్పలకేసి చూశాడు. "మొదట ఎనబై మొలిచినాయి. తరవాత అరవై. తీపి సాలక బీరు పలచనైపోతాదని మొలవని గింజల్ని ఏరి, నల్లగా మాడేదాకా వేపి కలిపినాను."

"అందుకే ఆ నలుపు."

"అందుకే మామ్మా."

చిక్కదనానికి ఎక్కువ గింజ గుమ్మరించాడు, లోటు కప్పడానికి మాడు పోశాడు. అదే బహుమతి తెచ్చిన నలుపు. హేమసుందరి కాఫీ అంది చూడండి, అది చచ్చిన గింజ బొగ్గు.

"ఎవ్వరికీ సెప్పలేదేటి?"

"సెప్తే మొలకపని లాగేస్తారు. నా సేతిలో తప్పుందంటారు. మా నాయన ముప్పయ్యేళ్ళు సేసిన పని." తడిగుడ్డ అంచు సర్దాడు. "నానూ తప్పు నాదేననుకున్నాను మామ్మా. నీళ్ళు ఎక్కువైనాయేమో, గది సల్లగైపోయిందేమోనని రాత్రీ పగలూ సూసుకున్నాను. బహుమతి వచ్చీసరికి, ఇదంతా మంచికేనని నానే నమ్మీసినాను."

"విచారణలో ఇదే సెప్పు. గింజలెన్ని మొలిచినాయో ఒక్క మాట."

వాడు తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. గోరు కొరుకుతూ నిలబడ్డాడు. వాణ్ణి తిట్టాలనిపించింది. తిట్టాను కూడా, ఆ తిట్లు రాయొద్దు.

పగలు 312

విచారణ అయింది. సింహాచలం అక్కడే ఉన్నాడు, అయినా నా నోటితో చెప్తేనే నా కేసు.

హాలు నిండిపోయింది. నేను కుళాయి విప్పానా అని అడిగారు. విప్పానన్నాను. పశ్చాత్తాపం ఉందా అన్నారు. ఉంది, రెండు గ్లాసులు మిగిలిపోయాయి అన్నాను. హేమసుందరి లేచి తొలకరి గురించి కాగితం చూసి మాట్లాడింది, సగం హాలు కళ్ళు తుడుచుకుంది.

"నీకు సాక్షి ఉన్నారేటి పిన్నీ?" అన్నాడు పోలినాయుడు.

నేరం మోపబడ్డవాళ్ళు ఒక సాక్షిని పిలవొచ్చు, పంచాయతీ కాదనకూడదు. మేం సొరంగం తవ్వేటప్పుడు మేస్త్రీలతో పోట్లాడి పెట్టించుకున్న రూలది. అప్పుడు నేనూ ఉన్నాను.

"ఉన్నాది. నాలుగో గాదె," అన్నాను.

హాలంతా నవ్వు. హేమసుందరి కూడా ఏడుపు ఆపి నవ్వింది. "గాదె మాటాడతాదేటి మామ్మా?"

"నోరు తెరిస్తే మాటాడతాది. నువ్వు తెరిస్తే ఫారం మాటాడతాది, అంతకంటే నయం."

పోలినాయుడు బల్ల మీద కొట్టాడు. సాక్షి అంటే మనిషన్నాడు. రూలు చదివించమన్నాను. సింహాచలమే చదివాడు. ఆ మాట మాత్రం అతను సూటిగా చదివాడు, దానికి అతన్ని మెచ్చుకుంటున్నాను. రూల్లో సాక్షి అని ఉంది, మనిషి అని లేదు. సాక్షి కదల్లేని పక్షంలో పంచాయతీయే సాక్షి దగ్గరికి వెళ్ళాలని కూడా ఉంది. అప్పట్లో బండ కింద కాలు నలిగి మంచం మీదున్నవాడి కోసం రాసింది. గాదెకి కాళ్ళు అసలే లేవు.

నవ్వు ఆగింది. ఇంక భయం మొదలైంది. గ్యాసు పోతుంది, చెమ్మ వస్తుంది, తిండి పోతుంది అని అన్ని వైపుల నుంచీ అరుపులు. "దీని ముక్కు కోసం మా పిల్లల్ని మాడ్సమంటారా?" అని ఎవడో లేచాడు. పోలినాయుడు రెండు చేతులూ ఎత్తాడు. రూలుని పక్కన పెట్టి ఓటుకి పెడతానన్నాడు. ఓటుకి పెడితే నేను ఓడిపోతాను. ఆ జనంలో నాకు చెయ్యెత్తేవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు వెనక వరసలో పార్వతీశం లేచాడు. చేతిలో గుడ్డమూట. నడుచుకుంటూ వచ్చి బల్ల మీద విప్పి, గింజల్ని రెండు కుప్పలు చేశాడు.

"వందకి ముప్పయ్యెనిమిది," అన్నాడు. "నాలుగో గాదెవి. మూడు తడుపుల నుంచి మొలవట్లేదు. నాను దాసినాను. నల్లగా వేపి దాసినాను. బహుమతి వద్దు నాకు."

కూర్చోలేదు, బయటికి పోలేదు. అక్కడే నిలబడ్డాడు. పోలినాయుడు ఒక మొలవని గింజ తీసి గోరుతో చిదిపాడు. లోపల బూడిద రంగు పొడి. వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కలపడం ఆపండి," అన్నాడు. "రేపు నోరు తెరుద్దాం."

పగలు 313

ఇది ఆఖరు.

గాదె నోరు తెరవడానికి ముందు సీలు కోశారు. గ్యాసు పోవడానికి ఫ్యాన్లు పెట్టి అరపూట ఆగాం. బిలంలో నడవగలిగిన ప్రతివాళ్ళూ గాదె కింద మెట్ల దాకా నిలబడ్డారు. నన్ను పై మంచె మీదికి నలుగురు మోసుకెళ్ళారు. నా వీపు మీద చెయ్యేసిన వాళ్ళలో నీళ్ళ వరసలో దూరం జరిగినవాళ్ళూ ఉన్నారు.

మూత లేపగానే ముందు వాసనొచ్చింది. బీరులో ఉన్నది దీనికి నీడ కూడా కాదు. కింద జనం అందరూ ఒక్క అడుగు ముందుకి వేశారు. కుళ్ళని చెప్పాక కూడా, మొలవని గింజలు చూశాక కూడా, తలలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, నవ్వుతూ. ఆ వెర్రిముఖాలు చూసి నాకు ఒళ్ళు మండింది.

పోలినాయుడి మణికట్టు పట్టుకుని చెయ్యి గింజల్లోకి దించాను. వెంటనే లాక్కున్నాడు. "కాల్తన్నాది పిన్నీ!" అన్నాడు. కుళ్ళే గింజ తనలో తనే కాగుతుంది. దీపం తిప్పి చూపించారు. పైన నిలువెత్తు మేర గింజలన్నీ అట్టకట్టి, నల్లగా, బూడిదగా గడ్డలైపోయాయి. గోడలోంచి లోపలికి దూరే చల్లనీళ్ళ పైపు కీలు దగ్గర వెంట్రుకంత పగులు. అక్కణ్ణుంచి గాలీ చెమ్మా ఎన్నాళ్ళ నుంచి దూరుతున్నాయో. పోలినాయుడు కిందికి తిరిగి, ఏం కనిపించిందో జనానికి చెప్పాడు. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు.

మిగతా మూడు గాదెల అడుగు గొట్టాల దగ్గర కూర్చుని దోసెడేసి గింజలు వాసన చూశాను, కొరికాను. తీపిగా ఉన్నాయి. వాటి పైపులు కూడా విప్పి చూశారు, పగుళ్ళు లేవు. మూడు గాదెలతో రెండొందల పగళ్ళు గడవాలంటే పూటకి పావు వంతు తగ్గించుకోవాలి. ఆకలేస్తుంది, చావరు. పెద్ద తొట్టి కోసం తడిపిన నలభై బస్తాలూ, నాలుగో గాదెలోవీ అన్నీ కొలిమికి పోతాయి. మొలకపని పార్వతీశం దగ్గరే ఉంచమని నేను చెప్పాను. వినకపోతే తెడ్డు నా చేతిలోనే ఉందన్నాను. విన్నారు.

తీర్పు కూడా అక్కడే చెప్పారు. తాగేదాన్ని ఒలకబోసిన మాట నిజం కాబట్టి నేరం రుజువైంది, నలభై పగళ్ళు నాకు బీరు లేదు. వీళ్ళ బీరు లేకపోవడం శిక్ష అనుకుంటున్నారు, అనుకోనీ.

అందరూ దిగిపోయారు. మూత వేసేవాళ్ళు వచ్చేదాకా మంచె మీద నేనూ పోలినాయుడూ ఉన్నాం. అతను గాదె నోట్లోకి వంగాడు. విషం, దూరంగా ఉండు అన్నాను.

"ఒక్కసారి పిన్నీ. ఇంకెప్పుడూ ఉండదు గదా." ఊపిరి తీసుకుని, "నిజం సెప్పు. వాన ఇలగుండదేటి?" అన్నాడు.

సింహాచలం, ఇది తీర్పైపోయాక చెప్తున్న మాట, అయినా రాయి. పోటీ రోజున రుచి చూసి ఉమ్మాల్సింది నేను ఉమ్మలేదు. మింగాను. మళ్ళీ పోయించుకుని మింగాను. మూడో గుక్క నోట్లో ఉండగా మా చేను గట్టు మీద నిలబడి ఉన్నాను, ఇరవై రెండేళ్ళదాన్ని, కాళ్ళకి చెప్పుల్లేవు. అప్పుడు నురగ మీద పోలినాయుడి కన్నీళ్ళు పడటం చూసి తెలివొచ్చింది. కుళాయి అందుకే ఆఖరి బొట్టు దాకా విప్పి ఉంచాను, నాకు నేను మిగుల్చుకోకూడదని. అయినా రెండు గ్లాసులు దాచాను.

"అచ్చం ఇలగే ఉంటాది నాయుడూ," అన్నాను. అతని పక్కన నేనూ వంగాను.

చదివి వినిపించొద్దు. ఏం చెప్పానో నాకు తెలుసు. వేలు ఎక్కడ పెట్టాలో చూపించు.